రాజప్రాసాదం రోగుల పరమైన వేళ
కైరో మన్సూరీ బీమారిస్తాన్ చెప్పే పాఠం

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి కూతవేటు దూరంలో దారుల్‌షిఫా ఉంది. నగరానికి వచ్చిపోయే వారిలో ఆ పేరు విననివారు అరుదు. బస్సు కండక్టరు ఆ పేరు కేక వేస్తాడు, మనం దిగి మన పని చూసుకుంటాం. ఆ పేటకు ఆ పేరెలా వచ్చిందని అడిగేవారు మాత్రం తక్కువ. ‘దార్’ అంటే ఇల్లు, ‘షిఫా’ అంటే స్వస్థత. చార్మినార్ లేచిన కొద్ది కాలానికే, సుమారు 1595లో, సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్‌షా అక్కడ ఒక వైద్యశాల కట్టించాడు. మధ్యన విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. రోగులకు చికిత్స అక్కడే, యునానీ విద్యార్థులకు చదువూ అక్కడే. కాలక్రమంలో హకీములు వెళ్లిపోయారు, రోగులూ వెళ్లిపోయారు. పేరు మాత్రం ఊరి నాలుక మీద నిలిచిపోయింది.

కులీ కుతుబ్‌షాకు ఈ ఆలోచన ఉన్నట్టుండి పుట్టింది కాదు. అప్పటికి ఆరేడు వందల ఏళ్లుగా ముస్లిం ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఇటువంటి వైద్యశాలలు నడుస్తూనే ఉన్నాయి. పదో శతాబ్దం చివర బాగ్దాదులో అజుదుద్దౌలా స్థాపించిన వైద్యశాలలో ఇరవై నలుగురు వైద్యులు పనిచేశారని చరిత్ర చెబుతోంది. వీటిని ‘బీమారిస్తాన్’ అనేవారు. పారశీక పదమే అయినా మనకు కొత్తది కాదు. ‘బీమార్’ మన ఇళ్లలో రోజూ వినిపించే మాట. ‘స్తాన్’ అంటే చోటు, మనం ఖబరస్తాన్ అంటున్నప్పుడు పలికేదే. రోగుల కోసం కేటాయించిన చోటు బీమారిస్తాన్.

అలాంటి వైద్యశాలల్లో కైరో నగరంలోని మన్సూరీ బీమారిస్తాన్‌ది ప్రత్యేకమైన గాథ. ఒక మంచి పని ఎలా పుడుతుందో, ఎలా నిలుస్తుందో, ఎలా చేజారిపోతుందో మూడూ ఆ ఒక్క గాథలోనే కనిపిస్తాయి.

డమాస్కస్‌లో ఒక మొక్కు

ఈ కథలోని సుల్తాన్ పేరు ఖలావూన్. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న కిప్చాక్ మైదానాల్లో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి ఈజిప్టు చేరినవాడు. ఆయన్ను వెయ్యి దీనార్లకు కొన్నారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద ధర. అందుకే ఆయనకు ‘అల్ఫీ’, అంటే వెయ్యివాడు, అన్న పేరు జీవితాంతం అంటిపెట్టుకుంది. బానిస సైనికుడై, సేనానాయకుడై, చివరకు 1279లో ‘అల్ మన్సూర్’ బిరుదుతో ఈజిప్టు, సిరియాల సింహాసనం ఎక్కాడు. 1281లో హిమ్స్ వద్ద మంగోలు సేనలను ఓడించింది ఆయనే.

సుల్తాన్ కాకముందు సంగతి ఇది. సుల్తాన్ బైబర్స్ కాలంలో, 1276-77 ప్రాంతంలో, ఖలావూన్ దండయాత్రకు బయలుదేరి దారిలో డమాస్కస్‌లో జబ్బు పడ్డాడు. భరించలేని కడుపునొప్పి. స్థానిక వైద్యులు ఆ నగరంలోని నూరీ బీమారిస్తాన్ నుంచి మందులు తెప్పించి ఆయనకు నయం చేశారు. కోలుకోగానే ఖలావూన్ గుర్రమెక్కి స్వయంగా ఆ ఆసుపత్రిని చూడటానికి వెళ్లాడట. చూసి అబ్బురపడి, అల్లాహ్ తనకు రాజ్యాధికారం ప్రసాదిస్తే ఇటువంటిదే ఒకటి కట్టిస్తానని మొక్కుకున్నాడు. ఈ సంగతి రాసిపెట్టినవాడు కైరో చరిత్రకారుడు మఖ్రీజీ (1364-1442).

ఖలావూన్‌ను అంతగా కదిలించిన నూరీ వైద్యశాలను 1154లో నూరుద్దీన్ జంగీ కట్టించాడు. యుద్ధంలో పట్టుబడిన ఒక ఫ్రాంకు ప్రభువు తన విడుదల కోసం చెల్లించిన సొమ్ముతో దాన్ని నిర్మించారని చెబుతారు. 1184లో డమాస్కస్ వచ్చిన స్పెయిన్ యాత్రికుడు ఇబ్నె జుబైర్ అక్కడి నిర్వాహకుల చేతుల్లో రిజిస్టర్లు చూశాడు. అందులో ప్రతి రోగి పేరు, అతనికి కావలసిన మందులు, ఆహారం, అందుకయ్యే ఖర్చు రాసి ఉండేవి. వైద్యులు రోజూ తెల్లవారగానే వచ్చి రోగులను పరీక్షించేవారు. 800 ఏళ్ల క్రితం రోగి పేరును రిజిస్టరులో రాసుకున్నారంటే, ఆ రోగిని బిచ్చగాడిగా కాక మనిషిగా లెక్కలోకి తీసుకున్నారన్న మాట.

అంతఃపురం స్థానంలో ఆసుపత్రి

ఖలావూన్ మాట తప్పలేదు. సుల్తాన్ అయిన నాలుగైదేళ్లకు, 1284లో (హిజ్రీ 683) కైరో నడిబొడ్డున పని మొదలుపెట్టించాడు. అందుకు ఎంచుకున్న చోటు ఊరి బయట ఖాళీ స్థలం కాదు. ఒకప్పుడు ఫాతిమీ రాకుమార్తె సిత్తుల్ ముల్క్ నివసించిన భవనం, నగరంలోకెల్లా ఖరీదైన వీధిలో ఉన్న రాజప్రాసాదం. ఆనాటికి అది అయ్యూబీ వంశపు రాకుమార్తె చేతిలో ఉంది. ఆమెకు మరో భవనం ఇచ్చి దీన్ని తీసుకున్నారు.

వీధి వైపు నుంచి లోపలికి అడుగు పెడితే పొడవైన నడవా. దానికి ఒక పక్క మద్రసా, మరో పక్క సుల్తాన్ కోసం సమాధి మందిరం. ఆ నడవా చివర ఆసుపత్రి. మొత్తం సముదాయం ఏడాదికి కాస్త అటూ ఇటూగా పూర్తయింది.

లోపలి ఏర్పాట్లను మఖ్రీజీ వివరంగా వర్ణించాడు. ఆవరణకు నాలుగు వైపులా ఉన్న పెద్ద చావడులు జ్వర పీడితులకు. కంటి జబ్బుల వారికి ఒక విభాగం, గాయపడిన వారికి ఒకటి, అతిసార రోగులకు మరొకటి. స్త్రీలకు ప్రత్యేక విభాగం. వంటకు వేరే చోటు, షర్బత్తులు, లేహ్యాలు, కాటుకలు తయారు చేయడానికి వేరే గదులు. ప్రధాన వైద్యుడు కూర్చుని విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఒక స్థలం. అన్ని విభాగాల్లోనూ పారే నీరు.

ఆసుపత్రి సిద్ధమైన నాడు సుల్తాన్ అక్కడి పానీయం ఒక గిన్నెడు తెప్పించుకుని తాగాడట. దీన్ని తనలాంటి వారికీ, తనకంటే తక్కువ వారికీ, రాజుకూ బానిసకూ, సైనికుడికీ సేనానికీ, స్త్రీకీ పురుషుడికీ వక్ఫ్ చేస్తున్నానని ప్రకటించాడట. బానిసగా అమ్ముడుపోయిన మనిషి నోట వచ్చిన మాట కనుక దాని బరువు వేరు.

ఆ రాళ్లు మోసిన వారి గోడు

అయితే పాఠకులు ఒక చేదు నిజాన్ని కూడా తెలుసుకోవాలి. మన చరిత్రకారులు దాన్ని దాచలేదు, మనమెందుకు దాచాలి?

నిర్మాణ బాధ్యత అమీర్ సంజర్ షుజాయీ అనే అధికారికి అప్పగించారు. ఆయన మహా కఠినుడు. కైరోలోని పనివాళ్లందరినీ పోగుచేసి, మరెవరి పనికీ వెళ్లరాదని ఆజ్ఞాపించాడు. ఖైదీల చేత రాళ్లు మోయించాడు. చివరకు ఆ వీధిలో పోయేవారిని సైతం ఆపి, పెద్దా చిన్నా తేడా లేకుండా రాయి ఎత్తించాడని, ఆ బాధ పడలేక జనం ఆ దారిన నడవడమే మానుకున్నారని మఖ్రీజీ రాశాడు. నైలు నదిలోని రౌజా ద్వీపంలో పాత సుల్తాన్ కట్టించిన కోటను కూలగొట్టి, అక్కడి స్తంభాలు, పాలరాళ్లు తెచ్చి ఇక్కడ నిలబెట్టారు.

కట్టడం పూర్తయ్యాక ఉలమాల ముందు ఒక ప్రశ్న వచ్చింది. యజమాని ఇష్టం లేకుండా తీసుకున్న చోట, బలవంతపు చాకిరీతో లేపిన గోడల మధ్య నమాజు చేయవచ్చా? చేయరాదని ఫత్వా ఇచ్చినవారున్నారు. సుల్తాన్ బతికుండగా, అతని రాజధానిలోనే, అతని కీర్తి కట్టడం గురించి ఈ మాట అనగలిగిన గుండె ధైర్యం వారిది. మఖ్రీజీ మాత్రం ఈ వివాదాన్ని మరో వైపు నుంచి చూశాడు. ఇదే కారణమైతే, ఇటువంటి పని చేయని పాలకుడు ఎవడో చూపించమని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ మాటలో సమర్థన కంటే నిట్టూర్పే ఎక్కువ.

మంచి సంకల్పం చెడ్డ పద్ధతిని కడిగివేయదు. అలాగని ఆ చావడుల్లో ఆ తర్వాత శతాబ్దాల పాటు ప్రాణాలు నిలబెట్టుకున్న పేదల సంగతినీ కొట్టివేయలేం. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకునే మనం ముందుకు వెళ్లాలి.

పత్రంలో ఏముంది?

ఇక అసలు విషయానికి వద్దాం. మన్సూరీ బీమారిస్తాన్ గొప్పతనం దాని పాలరాళ్లలో లేదు, దాని వక్ఫ్‌నామాలో ఉంది.

వక్ఫ్ అంటే ఏమిటో మన పాఠకులకు తెలిసిందే. ఒక ఆస్తిని అమ్మకుండా, పంచకుండా, వారసులకు పోకుండా అల్లాహ్ మార్గంలో కట్టిపడేసి, దాని రాబడిని మాత్రం ఒక సత్కార్యానికి వినియోగించడం. దాత కన్నుమూసినా పుణ్యం అందుతూనే ఉండే సదఖా జారియాలలో ఇదొకటి. ఖలావూన్ ఈజిప్టు, సిరియాల్లోని దుకాణాలు, వర్తకుల సత్రాలు, హమ్మాములు, పొలాలు ఈ సముదాయానికి రాసిచ్చాడు. ఏటా దాదాపు పది లక్షల దిర్హముల రాబడి వచ్చేదని మఖ్రీజీ లెక్క. బజారులో దుకాణం అద్దె కడితే ఆసుపత్రిలో రోగికి పరుపు వచ్చేది. హమ్మాములో ఒకడు స్నానం చేస్తే మరొకడికి షర్బత్తు అందేది. ఖజానా వైపు చేయి చాచే పని లేదు.

అయితే డబ్బు ఇవ్వడం ఒక ఎత్తు, అది ఎలా ఖర్చు కావాలో రాయడం మరో ఎత్తు. ఆ పత్రం రాసినవారు రోగి పడుకునే మంచం నుంచి మొదలుపెట్టారు. మంచం, పరుపు, దిండు, దుప్పటి ఉండాలి. మందు, ఆహారం ఎవరి గిన్నెలో వారికి ఇవ్వాలి, మరొకరి గిన్నె వాడరాదు. తెచ్చేటప్పుడు దానిపై మూత ఉండాలి. వేసవిలో విసురుకోవడానికి తాటాకు విసనకర్రలు ఇవ్వాలి. రాత్రి దీపాలకు నూనె, తాగడానికి నైలు నీరు సమకూర్చాలి. వైద్యులు, కంటి వైద్యులు, శస్త్ర వైద్యులు వంతులవారీగా హాజరు కావాలి. ఇంట్లోనే మంచం పట్టిన పేదవాడు ఆసుపత్రికి రాలేకపోతే మందులు, పథ్యం అతని ఇంటికే పంపాలి. ఆసుపత్రిలో కన్నుమూసిన వారికి గుస్ల్, కఫన్, దఫన్ ఖర్చులు వక్ఫ్ భరించాలి. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోరాదు. ఊరివాడైనా పరదేశి అయినా, చికిత్స ఎన్నాళ్లు అవసరమైతే అన్నాళ్లు ఉండవచ్చు.

తాటాకు విసనకర్ర చిన్న విషయమే. కానీ పేద రోగి మండు వేసవిలో ఎవరినైనా విసనకర్ర అడగాలంటే నోరు రాదు. అడగాల్సిన అవసరం లేకుండా ముందే రాసి పెట్టారు. అధికారి దయ మీద, నౌకరు మూడ్ మీద రోగి సుఖం ఆధారపడకూడదన్న ఆలోచన అది. దయ దలిచి ఇస్తే భిక్ష, పత్రంలో రాసి ఇస్తే హక్కు. ఈ తేడా తెలిసినవారు రాసిన పత్రం అది.

1326లో కైరో చూసిన ప్రపంచ యాత్రికుడు ఇబ్నె బతూతా, ఈ బీమారిస్తాన్ అందచందాలు వర్ణించడం ఎవరి తరమూ కాదని రాసుకున్నాడంటే ఆశ్చర్యం లేదు.

ఇల్లు, పుస్తకాలు ఇచ్చి వెళ్లిన వైద్యుడు

ఈ ఆసుపత్రికి సుల్తాన్ ఇచ్చిన ఆస్తి ఒకటైతే, ఒక వైద్యుడు ఇచ్చిన ఆస్తి మరొకటి. ఆయన పేరు అలాఉద్దీన్ ఇబ్నె నఫీస్.

సుమారు 1213లో సిరియాలో పుట్టిన ఆయన వైద్యం నేర్చుకున్నది ఖలావూన్‌కు మందులు పంపిన ఆ నూరీ బీమారిస్తాన్‌లోనే. కైరో వచ్చి ఈజిప్టు వైద్యులకు పెద్ద అయ్యాడు. షాఫయీ ఫిఖహ్‌లో కూడా పండితుడు. ఆయన రాయడానికి కూర్చుంటే శిష్యులు కలాలు చెక్కి పక్కన పెట్టేవారట. ఒకసారి హమ్మాములో స్నానం చేస్తూ మధ్యలోనే బయటకు వచ్చి, కాగితం కలం తెప్పించుకుని నాడి మీద ఒక వ్యాసం పూర్తి చేసి, మళ్లీ వెళ్లి స్నానం ముగించాడని జీవిత చరిత్రకారులు ముచ్చటగా చెబుతారు.

1242 నాటికి, ముప్ఫై ఏళ్ల ప్రాయంలోనే, ఇబ్నె సీనా వైద్య గ్రంథంలోని శరీర నిర్మాణ భాగాలకు ఆయన వ్యాఖ్యానం రాశాడు. గుండె కుడి గదిలోని రక్తం మధ్యగోడలో కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి వెళ్తుందని గ్రీకు వైద్యుడు గేలన్ చెప్పాడు. వెయ్యేళ్లుగా లోకమంతా అదే నమ్మింది. ఇబ్నె నఫీస్ కాదన్నాడు. ఆ గోడ దట్టమైనది, అందులో దారి లేదు. రక్తం కుడి గది నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడ గాలితో కలిసి, తిరిగి ఎడమ గదికి చేరుతుందని తేల్చి చెప్పాడు. ఐరోపాలో ఈ మాట అచ్చులో కనిపించింది 1553లో, సర్వెటస్ గ్రంథంలో. శరీరమంతటా రక్త ప్రసరణను హార్వే వివరించింది 1628లో.

ఇంత పెద్ద మాట అన్న మనిషిని ప్రపంచం దాదాపు మరచిపోయింది. 1924లో ముహ్యుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు జర్మనీలో చదువుకుంటూ, బెర్లిన్ గ్రంథాలయంలోని అరబీ రాతప్రతిలో ఈ భాగాన్ని గుర్తించి తన పరిశోధన వ్యాసంలో బయటపెట్టాడు. ఆ తర్వాతే ఇబ్నె నఫీస్ పేరు వైద్య చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

1288 డిసెంబరులో ఆయన మంచం పట్టాడు. మద్యం మందుగా పుచ్చుకుంటే నయమవుతుందని తోటి వైద్యులు సలహా ఇచ్చారు. కడుపులో మద్యంతో అల్లాహ్ ముందుకు వెళ్లలేనని ఆయన నిరాకరించాడు. ఆ జబ్బుతోనే కన్నుమూశాడు. తాను కట్టుకున్న ఇంటిని, జీవితమంతా పోగుచేసుకున్న పుస్తకాలను మన్సూరీ బీమారిస్తాన్‌కు రాసి వెళ్లాడు. అప్పటికి ఆసుపత్రి తెరిచి నాలుగేళ్లు కూడా నిండలేదు. రెండేళ్ల తర్వాత, 1290లో, సుల్తాన్ ఖలావూన్ కూడా మరణించి, ఆసుపత్రికి దారి తీసే నడవా పక్కనే తాను కట్టించుకున్న మందిరంలో ఖననమయ్యాడు.

పత్రం మరచిన నాడు

మన్సూరీ బీమారిస్తాన్ శతాబ్దాల పాటు పని చేసింది. అయితే దాని నిర్వహణ పెద్ద పెద్ద అమీర్లు కోరుకునే పదవిగా మారింది. భారీ రాబడి ఉన్న చోట ఆశలు కూడా భారీగానే ఉంటాయి కదా! పాలకులు మారారు. దుకాణాలు శిథిలమయ్యాయి, పొలాల రాబడి దారి మళ్లింది. పద్దెనిమిదో శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ కత్ఖుదా అనే అధికారి కొంత మరమ్మతు చేయించాడు. 1798లో ఫ్రెంచి సైన్యంతో వచ్చిన పండితులు చూసేసరికి ఆ మహా వైద్యశాలలో మిగిలింది కొద్దిమంది రోగులే. పంతొమ్మిదో శతాబ్దం ఆరంభంలో ముహమ్మద్ అలీ పాషా ఈజిప్టులో వక్ఫ్ పొలాలను ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాడు. 1830ల నాటికి అక్కడ ఉన్నది మతిస్థిమితం లేనివారు మాత్రమే. వారిని మెడకు గొలుసులు వేసి గోడలకు కట్టి ఉంచడం ఇంగ్లీషు రచయిత ఎడ్వర్డ్ లేన్ కళ్లారా చూసి రాశాడు.

ఒక్కసారి పోల్చి చూడండి. ఎవరి గిన్నె వారికి, ఎవరి విసనకర్ర వారికి అని రాసుకున్న చోటే మనిషి మెడకు గొలుసు పడింది! ‘మారిస్తాన్’ అన్న మాట ఈజిప్టు జనం వాడుకలో చివరకు పిచ్చాసుపత్రి అనే అర్థానికి దిగజారింది. స్వస్థతకు పేరుపడిన మాట భయానికి పేరైంది. ఇందులో రోగుల తప్పేమీ లేదు, దాత తప్పూ లేదు. పత్రం బీరువాలో ఉంది. దాన్ని చదివి, ఇలా రాసి ఉంది కదా అని అడిగేవారు లేకపోయారు.

1915లో అదే ఆవరణలో ఒక కంటి ఆసుపత్రి వెలిసింది. ఖలావూన్ సమాధి మందిరం, మద్రసా కైరోలోని ముయిజ్ వీధిలో నేటికీ సందర్శకులను ఆకట్టుకుంటున్నాయి. ఆ పాత నగరాన్ని యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డమాస్కస్‌లోని నూరీ బీమారిస్తాన్ 1978లో వైద్య, విజ్ఞాన చరిత్ర మ్యూజియంగా మారింది.

మన ఇంటి ముందుకు వస్తే...

పూర్వ వైభవాన్ని తలచుకుని పొంగిపోవడం సులభం. అంతటితో ఆగితే ఈ కథ చదివి లాభం లేదు. మనలో ఖలావూన్ అంతటి ధనవంతులు లేకపోవచ్చు. కానీ జబ్బు చేసి లేచిన ప్రతివాడికీ ఆయన పడిన కృతజ్ఞత తెలుసు. ఇబ్నె నఫీస్ వదిలి వెళ్లింది రాజ్యం కాదు, ఒక ఇల్లు, కొన్ని పుస్తకాలు. ఆసుపత్రి వరండాలో తోడు లేక కూర్చున్న రోగికి ఒక పూట భోజనం, ఒక మందుల చీటీ ఖర్చు, ఒక రాత్రి కాపలా, ఇవి మన తాహతులోనివే. వాటిని ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు కాక ఒక పద్ధతి ప్రకారం, నలుగురూ కలిసి, లెక్క రాసి చేసినప్పుడే అవి నిలుస్తాయి.

మన ఊళ్లలోనూ మసీదులకు, దర్గాలకు, ఖబరస్తాన్లకు మన పూర్వీకులు వక్ఫ్ చేసి వెళ్లిన మడులు, మడిగెలు, ఇళ్ల స్థలాలు ఉన్నాయి. ఇచ్చినవారు ఏ పనికి ఇచ్చారో, ఏ షరతులు పెట్టారో మనలో ఎందరికి తెలుసు? పేద పిల్లల చదువుకని ఇచ్చిందేమో, బాటసారుల భోజనానికని ఇచ్చిందేమో, రోగుల మందులకని ఇచ్చిందేమో!

ఈ జుమా నమాజు ముగిశాక తొందరపడి ఇంటికి వెళ్లకుండా కాసేపు కూర్చుందాం. మన మసీదు ముతవల్లీని మర్యాదగా ఒక్క మాట అడుగుదాం: “భాయ్‌సాబ్, మన వక్ఫ్‌నామాలో ఏం రాసి ఉంది? ఒకసారి అందరికీ చదివి వినిపిస్తారా?”